చైను అరిగేది కనిపించని చోట

ఇంగ్లండులో ఆదివారాలు చాలా పార్కుల్లో బుల్లి రైళ్ళు తిరుగుతాయి. పెట్టెల మీద అటో కాలు ఇటో కాలు వేసుకుని పిల్లలు కూర్చుంటారు. ఆ ఇంజన్లలో చాలావాటిని మాలాంటివాళ్ళం ఇంటి షెడ్డులో లేతు పెట్టుకుని చేసుకున్నాం. ఈ వ్యాపకం ఉన్నవాళ్ళ కోసం పెర్సివల్ మార్షల్ 1898లోనే ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక మొదలుపెట్టాడు. మా క్లబ్బులో నేను చూసుకునేది ఐదంగుళాల గేజి బ్యాటరీ ఇంజను. దాని మోటారుకూ ఇరుసులకూ మధ్య ఉన్నది చైను. నా శ్రద్ధంతా దాని మీదే.

మాంచెస్టర్‌లో హన్స్ రెనాల్డ్ 1880లో రూపొందించిన చైను పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. పిన్ను చుట్టూ బుష్, బుష్ చుట్టూ తిరిగే రోలరు. చైను వదులైతే సాగిందనుకుంటాం గానీ, ఉక్కు పలకలు అంత తేలిగ్గా సాగవు. పళ్ళచక్రం మీదికి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ప్రతి లింకూ వంగుతుంది. అప్పుడు బుష్ లోపల పిన్ను రాసుకుంటుంది. అసలు అరుగుదల అక్కడ. చక్రం చిన్నదైతే వంపు ఎక్కువ: 9 పళ్ళ చక్రం మీద లింకు 40 డిగ్రీలు వంగాలి, 18 పళ్ళయితే 20 చాలు. చోటు కలిసొస్తుందని మోటారుకు మరీ చిన్న చక్రం బిగించడం నాకు అందుకే నచ్చదు.

మా చైను పిచ్, అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం, 8 మిల్లీమీటర్లు. విప్పి, బల్ల మీద బిగలాగి 50 పిచ్‌లు కొలిస్తే కొత్తలో 400 మిల్లీమీటర్లు రావాలి. 408 వస్తే రెండు శాతం పెరిగినట్టు, ఇక మార్చేయాల్సిందే. ఒక్కో పిచ్‌లో పెరిగింది సగటున 0.16 మిల్లీమీటరే. అంత సన్నటి తేడా కంటికెలా ఆనుతుంది? అయితే ఒక గుర్తుంది. పలకల సందుల్లో ఇటుక రంగు పొడి కనిపిస్తే, లోపల పిన్ను నూనె అందక అరుగుతోందన్నమాట. పైన రోలర్లు నిగనిగలాడుతున్నా సరే.

నూనె చేరాల్సింది లోపలి పలకకూ బయటి పలకకూ మధ్య సందులోకి. అక్కడ చుక్కచుక్కగా వేసి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పి, కాసేపాగి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేస్తాను. మా చైను పట్టాలకు జానెడు ఎత్తులో కూడా ఉండదు. జిడ్డుగా వదిలేస్తే కంకర దుమ్మంతా దానికే పడుతుంది. పైపైన గ్రీజు పూసినా ప్రయోజనం లేదు, అది లోపలికి దిగదు. కొత్త చైనుకు ఫ్యాక్టరీలో పట్టించిన చమురును మాత్రం కిరసనాయిలుతో కడిగేయకండి. పళ్ళు కొక్కేల్లా వంగిపోయిన పాత చక్రం మీద కొత్త చైను వేస్తే డబ్బు దండగ. రెండూ కలిపే మార్చాలి.

మీ ఇంట్లో సైకిలుంటే దాని చైనునూ ఇలాగే చూడొచ్చు. దాని పిచ్ అర అంగుళం. స్టీలు టేపు సున్నాను ఒక పిన్ను నడిమిన పెట్టి అక్కణ్ణుంచి 24 పిన్నులు లెక్కపెట్టండి. కొత్త చైనైతే సరిగ్గా 12 అంగుళాలు. ఆ పైన అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చండి. ఎనిమిదో వంతుకు చేరితే పళ్ళచక్రాలనూ చూపించుకోండి.