పికప్ పొట్టలో పలక

సిడ్నీ పశ్చిమాన టూంగాబీ, పెండిల్ హిల్, వెంట్‌వర్త్‌విల్ వైపు తెలుగు ఇళ్లలో ఎలక్ట్రిక్ గిటార్ ఇప్పుడు వింతేమీ కాదు. పిల్లలు అడిగారని మొదట చౌకరకం ఒకటి కొంటారు. ఉగాది కార్యక్రమానికి సాధన మొదలయ్యాకే సణుగుడు మొదలవుతుంది. సౌండ్ గట్టిగానే వస్తోంది గానీ గరుకుగా ఉంది, చెవిలో గుచ్చుకుంటోంది అని. తెలిసినవాళ్లు పికప్‌లు మార్చెయ్యమంటారు. మంచి జత కావాలంటే వందల డాలర్లు వదులుతాయి. అంతకన్నా చిన్న పని ఒకటుంది. పికప్ పొట్టలో సుమారు 63 మిల్లీమీటర్ల పొడవు, 13 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న అయస్కాంతపు పలక ఒకటి ఉంటుంది. దాన్నొక్కదాన్నీ లాగేసి మరో రకం పలక పెట్టడం. ఖర్చు కొద్ది డాలర్లే.

ఈ పలక కథ 1931లో రెండు ఊళ్లలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా మొదలైంది. లాస్ ఏంజిలిస్‌లో జార్జ్ బోషాంప్ హవాయియన్ గిటార్ వాయించేవాడు. బూరలూ డప్పులూ మోగే మేళంలో గిటార్ ఎవరికీ వినపడదన్నది అతని బాధ. తీగల చుట్టూ గుర్రపునాడా ఆకారపు ఉక్కు అయస్కాంతాలు రెండు బిగించి, కింద రాగితీగ చుట్ట పెట్టాడు. అడాల్ఫ్ రికెన్‌బాకర్ కర్మాగారం అండతో ఆ వాద్యం మరుసటి ఏడాదికల్లా అంగళ్లకు వచ్చింది. ఆకారాన్ని చూసి జనం దాన్ని పెనం అన్నారు. పేటెంటు రావడానికి మాత్రం 1937 దాకా పట్టింది.

అదే 1931లో టోక్యోలో మిషిమా తోకుషిచి అనే లోహశాస్త్రజ్ఞుడు ఇనుము, నికెల్ మిశ్రమానికి అల్యూమినియం కలిపి చూశాడు. అప్పటిదాకా అయస్కాంతంగా పనికిరాని ఆ మిశ్రమం, అప్పట్లో దొరికే ఉక్కు అయస్కాంతాలను తలదన్నేలా తయారైంది. తరవాతివాళ్లు దానికి కోబాల్ట్, రాగి కలుపుకుంటూ పోయారు. ఆ కుటుంబానికే ఆల్నికో అని పేరు. 1930ల చివరికి ఇంకో కిటుకు తెలిసింది. కాల్చిన మిశ్రమాన్ని బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి చల్లారిస్తే దాని శక్తి అంతా ఒకే దిక్కున సర్దుకుంటుంది. ఆ రకాలను అంకెలతో పిలుస్తారు. ఆల్నికో 2లో నిలిచే అయస్కాంతత్వం సుమారు 7,500 గాస్ అయితే, ఇలా చల్లార్చిన ఆల్నికో 5లో 12,500 దాకా వస్తుంది. చిన్న ముక్కలోనే ఇంత బలం దొరికాక గుర్రపునాడాలతో పనేముంది? 1950లో లియో ఫెండర్ గిటార్ వచ్చేసరికి ఒక్కో తీగ కింద ఒక్కో చిన్న అయస్కాంతపు కడ్డీ సరిపోయింది.

ఇంతకీ అయస్కాంతం శబ్దం పుట్టించదు. తన పైనున్న ఉక్కు తీగను కూడా కాస్త అయస్కాంతంగా మారుస్తుంది, అంతే. ఆ తీగ కదిలినప్పుడల్లా కింది చుట్టలోంచి పోయే అయస్కాంత ప్రవాహం హెచ్చుతగ్గులవుతుంది, చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టింది ఇదే. అందుకే నైలాన్ తీగను ఎంత మీటినా ఈ పికప్‌లో చప్పుడుండదు.

అయితే వేల చుట్ల ఆ రాగితీగ ఇంట్లో కరెంటును కూడా పట్టుకుంటుంది. ఇండియాలోనైనా ఆస్ట్రేలియాలోనైనా అది 50 హెర్ట్జ్, ఆంప్‌లో గుంయ్‌మని మోగుతుంది. దీనికి మందు కనిపెట్టినవాడు గిబ్సన్ కంపెనీలో సెథ్ లవర్. 1955లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. పక్కపక్కనే రెండు చుట్టలు, ఒకదానికి ఉత్తర ధ్రువం, రెండోదానికి దక్షిణ ధ్రువం, కరెంటు నడక ఎదురెదురు. తీగ శబ్దం రెండింటిలోనూ కలిసి పెరుగుతుంది, కరెంటు మోత మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. రెండు చుట్టలకూ ధ్రువాలు అందించేది వాటి కింద అడ్డంగా పడుకున్న ఒక్క పలక. ఈ రెండు చుట్టల పికప్‌నే హంబకర్ అంటారు. అందులో మనం మార్చబోయేది ఆ పలకనే.

1959లో పేటెంటు చేతికొచ్చేదాకా, ఆ తరవాత కొన్నాళ్లు కూడా, పేటెంటుకు దరఖాస్తు చేశాం అనే చీటీతో వచ్చిన ఆ పికప్‌లను ఇప్పుడు వేల డాలర్లు పోసి కొంటున్నారు. వాటిలో ఏ ఆల్నికో ఉంది, 2నా 4నా 5నా అని ఇప్పటికీ వాదనలే. లవర్ తరవాతి కాలంలో చెప్పినదాన్ని బట్టి చూస్తే ఆ రోజు ఏ రకం దొరికితే ఆ రకం వేసేశారు. చుట్ల సంఖ్య కూడా ఒక్కో పికప్‌కు ఒక్కోలా ఉండేది. అంటే ఈనాడు పూజలందుకుంటున్న ఆ నాదంలో సగం సరుకులు కొనే గుమాస్తా చలవ. నాకు ఈ కథలో బాగా నచ్చే సంగతి ఇదే. సరుకు దొరకడాన్ని బట్టి అయస్కాంతం మారడం ఆ ఒక్కసారే కాదు. 1978లో అప్పటి జైర్ దేశంలో, కోబాల్ట్ గనులుండే షాబా ప్రాంతంలో యుద్ధం చెలరేగి కోబాల్ట్ ధర ఆకాశానికంటితే, లౌడ్‌స్పీకర్లవాళ్లు ఆల్నికోను వదిలి ఫెరైట్‌కు మళ్లారు. చౌక గిటార్లలో సెరామిక్ పేరుతో ఉండేది ఆ ఫెరైటే.

పలక మారిస్తే నిజంగా ఏం మారుతుంది? మొదటిది బలం. సెరామిక్ గానీ ఆల్నికో 5 గానీ పెడితే శబ్దం పెద్దదవుతుంది, మీటు అంచు పదునుగా వస్తుంది. ఆల్నికో 2, 3లతో ఆ అంచు మెత్తబడుతుంది. రెండోది కాస్త లోతైన సంగతి. ఆల్నికో లోహం. చుట్ట కింద ఇలాంటి ఇనుము కలిసిన లోహం ఉంటే చుట్ట ఇండక్టెన్స్ కొద్దిగా పెరుగుతుంది, లోహంలో సుడి కరెంట్లు పుట్టి పైస్థాయి శబ్దాల మొన విరుస్తాయి. కరెంటును పోనివ్వని ఫెరైట్‌లో ఈ రెండూ దాదాపు ఉండవు. అందుకే దాని గొంతు అలా గుచ్చుకుంటుంది. మూడోది, అయస్కాంతం తీగను తనవైపు లాగుతుంది. మరీ దగ్గరగా, మరీ బలంగా ఉంటే తీగ పైకీ కిందికీ ఊగే వేగం, పక్కలకు ఊగే వేగం వేరవుతాయి. స్వరం వణుకుతుంది, శ్రుతి తప్పినట్టుంటుంది, మోగాల్సినంతసేపు మోగదు. తీగకో కడ్డీ ఉన్న ఫెండర్ తరహా పికప్‌లలో ఈ తెగులు ఎక్కువ. ఏసీ/డీసీ రాక్ బృందపు మాల్కమ్ యంగ్ తన గ్రెట్ష్ గిటార్‌లో బ్రిడ్జి దగ్గరి పికప్ ఒక్కటే ఉంచి, మిగతా చోటు బోలుగా వదిలేశాడు. అలా చేస్తే తీగను లాగే అయస్కాంతం ఒకటి తగ్గుతుంది కూడా.

స్వరం ఎంతసేపు నిలుస్తుందన్నది మన సంగీతానికి ప్రాణం. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ దీనికి తిరుగులేని సాక్షి. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలు, మీటగానే ఆరిపోయే స్వరం. జత తీగల మీద గమకం పలికించడం కష్టం, పలికించినా ఆ జారుడు పూర్తయ్యేలోపు స్వరమే ఉండదు. ఆయన పికప్ ఉన్న ఎలక్ట్రిక్ మాండలిన్‌కు మారి, జతలు తీసేసి విడిగా అయిదు తీగలు పెట్టుకున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసిన పిల్లవాడు కర్ణాటక సంగీతంలో కొత్త వాద్యానికే పీఠం వేశాడు. మీటు అయిపోయాక కూడా మిగిలే సన్నని కదలికను పట్టుకుని పెద్దది చేసే పికప్ లేకపోతే ఆ గమకాలు చివరి వరుసదాకా చేరేవి కావు. రాక్ వాయించేవాడికి గట్టి అయస్కాంతం ముద్దు కావచ్చు, గమకం పలికించాలనుకునేవాడు మాత్రం మెత్తని రకంవైపే చూడాలని నా అభిప్రాయం.

ఇక చేతిపని. తీగలు వదులు చేసి, పికప్‌ను పైకి తీసి, మూత ఉంటే దాని సోల్డరింగ్ విప్పాలి. అడుగున నాలుగు స్క్రూలు వదులు చేస్తే పలక పక్కనుంచి జారి వస్తుంది. మైనం పట్టి ఉంటే కొంచెం వెచ్చబెట్టాలి. లోపలి రాగితీగ తలవెంట్రుకలా సన్నం, తెగితే పికప్ మొత్తం పోయినట్టే. పాత పలక తీసేముందు దిక్సూచి పెట్టి ఏ అంచు ఉత్తరమో గుర్తు పెట్టుకోవాలి. కొత్తది తిరగబడి కూర్చుంటే ఆ పికప్ ఒక్కటే మోగినప్పుడు తేడా తెలియదు, రెండో పికప్‌తో కలిపితే మాత్రం శబ్దం పీలగా, ముక్కుతో పలికినట్టు వస్తుంది. ఆల్నికో పలకలను ఒకే ధ్రువాలు తగిలేలా పక్కపక్కన పడేయకూడదు, వాటి బలం తగ్గిపోతుంది.

పోల్చి వినేటప్పుడు ఆంప్ వాల్యూమ్ సర్ది, రెండు పలకలతోనూ శబ్దం ఒకే స్థాయిలో ఉండేలా చూసుకోవాలి. కాస్త గట్టిగా మోగిందే బాగుందని చెవి ఎప్పుడూ మోసపోతుంది. అసలు పలక కొనకముందే పికప్ రెండు వైపులా ఉన్న స్క్రూలు తిప్పి దాన్ని తీగలకు రెండు మిల్లీమీటర్లు దూరం జరిపి వినండి. తీగ మీద లాగుడు తగ్గుతుంది, గరుకు కూడా కొంత దిగుతుంది. చాలామందికి అక్కడితోనే పని అయిపోతుంది.