ఓషధీపతికి పట్టిన వ్యాధి

దక్షప్రజాపతి తన కుమార్తెలలో ఇరువది యేడుగురిని చంద్రునకిచ్చి వివాహము చేసెను. చంద్రుడు రోహిణియందే మనసు నిలిపి తక్కినవారిని ఉపేక్షించెను. వారు పోయి తండ్రితో మొరపెట్టుకొనిరి. దక్షుడు అల్లుని మందలించి చూచెను. అతడు చెవిని బెట్టకపోవుటచే క్షయరోగము పట్టునట్లు శపించెను. చంద్రుడు దినదినము కృశింపజొచ్చెను. అతడు ఓషధులకు అధిపతి. అధిపతి కృశించుటతో ఓషధులు రసహీనములయ్యెను. వానిని తిని బ్రదుకు ప్రాణులన్నియు చిక్కిపోయెను. అప్పుడు దేవతలు దక్షుని బ్రతిమాలుకొనిరి. ప్రభాసతీర్థమున స్నానమాడినచో మాసమున ఒక పక్షము క్షీణించి, ఒక పక్షము వృద్ధి పొందుచుండునని అతడు శాపమును సడలించెను. మహాభారతమున శల్యపర్వములోని కథ యిది. రాజగు చంద్రునకు మొదట పట్టినది గనుక ఈ వ్యాధికి రాజయక్ష్మమని పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు.

ఈ కథలో గమనింపదగిన విషయములు రెండు కలవు. ఒకనికి పట్టిన క్షయ ఒకనితో ఆగలేదు. మందులకు రాజైనవానికే ఆ వ్యాధికి మందు దొరకలేదు. మొదటి మాట నేటికిని సత్యమే. రెండవ మాట మాత్రము గడచిన ఎనుబది యేండ్లలో అసత్యమైనది. క్షయకు మందు కలదు; ఒకటి కాదు, పది కలవు. అయినను ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము 2023లో లోకమున సుమారు 1 కోటి 8 లక్షల మంది క్రొత్తగా ఈ వ్యాధి పాలైరి. 12 లక్షల 50 వేల మంది మరణించిరి. ఆ రోగులలో నూటికి 26 మంది భారతదేశమువారు. మందు లేని కాలమున మరణించుట దైవోపహతి యనుకొందము. మందుండగా మరణించుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకవలెనన్న, ఆ మందులు వచ్చిన దారిని ఒకమారు నడచి చూడవలెను.

రోగమును పోల్చుకొనుట

లెనెక్ అను ఫ్రెంచి వైద్యుడు 1816లో ఒక రోగి గుండె చప్పుడు వినుటకు కాగితమును గొట్టమువలె చుట్టి ఛాతీపై నుంచెను. స్టెతస్కోపు పుట్టుక అది. ఆ గొట్టముతో ఊపిరితిత్తుల క్షయను లోకమునకు తెలిపిన ఆయనయే 1826లో ఆ వ్యాధితోనే మరణించెను. ఆంగ్లకవి కీట్సు వైద్యవిద్య నభ్యసించినవాడు. 1821లో రోము నగరమున, తన ఇరువదియైదవ యేట, ఆయన కన్నుమూసెను. క్షయతో చిక్కి శల్యమైన ఆ యువకునకు నాటి వైద్యులు చేసిన చికిత్స ఏమనగా, ఒంటినుండి రక్తము తీయుట, కడుపునకు అన్నము తగ్గించుట. రోగమునకు మూలము తెలియనప్పుడు వైద్యమే మరియొక రోగమగును.

ఆ మూలమును రాబర్ట్ కోఖ్ 1882 మార్చి 24న బెర్లిన్ నగరమున ప్రకటించెను. క్షయ వంశమున దిగివచ్చునది కాదు, పాపఫలము కాదు. అది ఒక సూక్ష్మజీవి చేయు పని. నేటికిని ప్రతి సంవత్సరము ఆ తేదీని ప్రపంచ క్షయ దినముగా పాటించుచున్నారు. ఈ సూక్ష్మజీవి మిక్కిలి సోమరి. సాధారణమైన బాక్టీరియములు కొన్ని ఇరువది నిమిషములకొకమారు రెండుగా చీలుచుండగా, ఇది ఒకమారు చీలుటకు దాదాపు ఇరువది గంటలు పట్టును. పైగా దాని ఒంటిపై మైనపు కవచము కలదు. క్షయను కనుగొనుటయు ఆలస్యమే, నయము చేయుటయు ఆలస్యమే యగుటకు ఈ స్వభావమే ముఖ్యకారణము.

తెమడను సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించినచో, అందు క్రిములు వేలకొలది ఉన్నప్పుడే కంటబడును. రాంట్‌జెన్ 1895లో కనుగొనిన ఎక్స్‌రే ఊపిరితిత్తిలోని మచ్చను చూపును గాని, ఆ మచ్చ క్షయదే యని ప్రమాణము చేసి చెప్పజాలదు. క్రిములను ప్రయోగశాలలో పెంచి చూచుట రూఢియైన పద్ధతి. కాని దానికి రెండు మొదలు ఎనిమిది వారముల వరకు పట్టును. ఆ వారములన్నియు రోగి ఇంటనే దగ్గుచుండును. ఇంటిల్లిపాదియు ఆ గాలినే పీల్చుచుండును.

ఈ చిక్కును విప్పిన పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఆమోదించెను. ప్రతి జీవకణమునను దాని వంశలిపి యుండును. తెమడలోని క్షయక్రిమి లిపినుండి ఒక భాగమును యంత్రము లక్షలకొలది ప్రతులుగా పెంచి పోల్చుకొనును. రెండు గంటలలోపల ఫలితము తెలియును. అంతేకాక, రిఫాంపిసిన్ అను ముఖ్యౌషధమునకు ఆ క్రిమి లొంగునో లొంగదో కూడ అప్పుడే తెలియును. గోవాలోని ఒక సంస్థ రూపొందించిన ట్రూనాట్ అను యంత్రమును అదే సంస్థ 2020లో ఆమోదించెను. అది బ్యాటరీతో నడచును గనుక, కరెంటు నిలుకడ లేని ఊరి ఆరోగ్యకేంద్రమునను పనిచేయగలదు. చేతితో మోయదగిన ఎక్స్‌రే యంత్రములు వచ్చినవి. ఆ చిత్రములను కంప్యూటరు చదివి అనుమానాస్పదమైనవానిని వేరుచేయుటకు 2021లో ఆమోదము లభించినది. పూర్వము రోగి పరీక్షను వెదకుకొనుచు పట్టణమునకు పోయెడివాడు. నేడు పరీక్షయే ఊరికి నడచి వచ్చుచున్నది.

కొండనుండి ఇంటికి

చికిత్సయు ఇట్లే నడచి వచ్చినది. ఒకప్పుడు క్షయకు వైద్యమనగా మంచి గాలి, మంచి తిండి, సంపూర్ణ విశ్రాంతి. రాయలసీమలో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున వెలసిన శానిటోరియము అందుకు ప్రసిద్ధి కెక్కినది. దూరప్రాంతములనుండి రోగులు అక్కడికి వచ్చి నెలలు, సంవత్సరములు గడపిరి. కాని అట్టి చోటు ఎందరికి దొరకును?

1943లో అమెరికాలో ఆల్బర్ట్ షాట్జ్, సెల్మన్ వాక్స్‌మన్ అనువారు మట్టిలోని సూక్ష్మజీవినుండి స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేసిరి. మందు కొరతగా ఉండుటచే, బ్రిటనులో దానిని కొందరికే ఈయగలిగిరి. ఎవరికీయవలెనో వైద్యుల ఇష్టానిష్టములకు విడువక, ముందుగా మూసియుంచిన కవర్ల ప్రకారము నిర్ణయించిరి. 1948లో ప్రకటింపబడిన ఆ ఫలితములలో, మందు పొందిన 55 మందిలో ఆరు నెలలకు 4గురు, విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది మరణించిరి. లోకము సంతోషించెను. కాని ఆ సంతోషము నిలువలేదు. కొన్ని నెలలకే క్రిములు మందునకు లొంగుట మానివేసెను.

ఇందులోని లెక్క విద్యార్థులు సులభముగా గ్రహింపదగినది. ఊపిరితిత్తిలోని ఒక క్షయగుహలో కోట్లకొలది క్రిములుండును. ఒక మందునకు పుట్టుకతోనే లొంగని క్రిమి సుమారు పదిలక్షలలో ఒకటి యుండుననుకొందము. ఒక్క మందే ఇచ్చినచో లొంగినవి చచ్చును. లొంగని ఆ కొలదిపాటివి మిగిలి, రాజ్యమంతయు తమదే చేసికొనును. రెండు మందులు కలిపి ఇచ్చినచో, రెండింటికిని లొంగని క్రిమి పదిలక్షల పదిలక్షలలో ఒకటి మాత్రమే. అంత సంఖ్య ఆ గుహలో లేదు. కనుకనే క్షయకు మందుల కూటమి కావలెను. 1952లో ఐసోనియాజిడ్ అను చౌకయైన మాత్ర రాగా ఈ కూటమి పేదవానికిని అందుబాటులోనికి వచ్చెను.

అప్పుడొక ప్రశ్న పుట్టెను. మాత్రలే రోగమును కుదుర్చునవైనచో శానిటోరియ మెందులకు? 1956లో మద్రాసున నెలకొల్పిన క్షయ రసాయనచికిత్సా కేంద్రము దీనిని పరీక్షకు పెట్టెను. కొందరు రోగులు శానిటోరియమున మంచి ఆహారముతో, విశ్రాంతితో మందులు పుచ్చుకొనిరి. కొందరు నగరములోని ఇరుకిండ్లలో, దొరికినది తినుచు, ఆ మందులే పుచ్చుకొనిరి. ఏడాది గడచునప్పటికి శానిటోరియములో నూటికి 92 మందికి, ఇంటివద్ద నూటికి 86 మందికి రోగము అణగెను. ఇంటనున్న రోగులవలన బంధువులకు అధికముగా వ్యాధి సోకలేదు. 1959లో వెలువడిన ఈ ఫలితము లోకమంతటను క్షయవైద్యపు రూపమును మార్చివేసెను. తరువాత రిఫాంపిసిన్ వచ్చినది. ఫ్రాన్సు దేశపు సముద్రతీరమున ఒక దేవదారువనములోని మట్టినుండి ఇటలీ శాస్త్రజ్ఞులు సాధించిన ఔషధకుటుంబము అది. దానితో ఏడాదికి పైబడిన చికిత్స ఆరు నెలలకు దిగెను.

సగములో విడిచిన మందు

ఆరు నెలలన్న నేమి? నూట ఎనుబది దినములు. రెండు నెలలు మందు మ్రింగగానే దగ్గు తగ్గును, జ్వరము విడుచును, ఆకలి పుట్టును. కూలివాడు పనికి పోవలెను. రోగము పోయినదని తలచి మందు మానును. లోన నిద్రించుచున్న క్రిములు మరల లేచును. ఈమారు లేచినవి పాత మందులకు లొంగకపోవచ్చును. అట్టి మొండి క్షయకు ఇటీవలి వరకు పదునెనిమిది మొదలు ఇరువది నాలుగు నెలల చికిత్స. అందు నెలల తరబడి సూదిమందులు. వానివలన ఎందరికో వినికిడి పోయెను.

నలుబదియేండ్ల విరామము తరువాత, 2012లో బెడాక్విలిన్ అను క్రొత్తజాతి మందునకు అమెరికాలో అనుమతి లభించినది. అది క్రిమికి శక్తినిచ్చు కీలును పట్టి ఆపును. దానికి ప్రెటోమానిడ్, లినెజోలిడ్ అనువానిని జతచేసి దక్షిణాఫ్రికాలో 109 మంది మొండి రోగులకు ఆరు నెలలు ఇచ్చిరి. నూటికి 90 మంది కోలుకొనిరి. 2020లో ఈ ఫలితము ప్రకటింపబడెను. 2022లో మరియొక మందును కూర్చి, సూది లేని ఆరు నెలల చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆదేశించినది. 2024లో భారత ప్రభుత్వ మామోదించినది. వీనికిని నియమ మదియే: సగములో విడువరాదు. లినెజోలిడ్ నరములను, రక్తమును బాధించు మందు గనుక వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి.

అన్నముకూడ ఔషధమే

ఇటీవలి సాధనలలో మిక్కిలి గొప్పది ప్రయోగశాలలో పుట్టలేదు. పచారీ సంచిలో దొరకినది. 2019 మొదలు 2022 వరకు జార్ఖండ్ రాష్ట్రమున 2,800 మంది క్షయరోగులకు మందులతోపాటు నెలనెల ఆహారధాన్యములిచ్చిరి. వారి కుటుంబములలో 10,345 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగము కుటుంబములవారికి బియ్యము, పప్పు, విటమినులు అందించిరి. 2023లో ఫలితము వెలువడెను. తిండి అందిన కుటుంబములవారిలో క్రొత్తగా క్షయ వచ్చుట నూటికి 39 వంతులు తగ్గెను. రోగులలో మొదటి రెండు నెలలలోనే బరువు పెరిగినవారికి మరణభయము మిక్కిలి తక్కువగా కనబడెను.

ఇది మద్రాసు ఫలితమునకు విరుద్ధముగా తోచవచ్చును, కాని కాదు. మందు పనిచేయుటకు విశేషభోజన మక్కరలేదని మద్రాసు చెప్పినది. రోగము రాకుండుటకును, వచ్చినవాడు బలము పుంజుకొని నిలుచుటకును కడుపునిండ అన్నము కావలెనని జార్ఖండ్ చెప్పినది. క్షయరోగుల పోషణకై కేంద్రప్రభుత్వము 2018నుండి నెలకు 500 రూపాయలును, 2024 నవంబరునుండి 1,000 రూపాయలును ఇచ్చుచున్నది. పథకమునకు నిక్షయ్ అని పేరు. క్షయ లేకుండుట యని భావము.

మిగిలిన దూరము

కొండ దిగి మందు ఇంటికి వచ్చినది. పట్టణము విడిచి పరీక్ష ఊరికి వచ్చినది. రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రిచెమట, తరుగుచున్న బరువు ఉన్నవారికి ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షయు, చికిత్సయు ఉచితము. అయినను గడపకు ఇవతల ఆగిపోయినది ఒకటి కలదు. అది సిగ్గు. పెండ్లికావలసిన పిల్లకు క్షయ యన్న మాట బయటపడరాదని తల్లి దాచును. మగ్గము పని పోవునని నేతగాడు దాచును. దాచిన నెలలలో ఇంటిలో మరియొకరు దగ్గ నారంభింతురు.

ఈ కొలది దూరమును దాటించుటకు యంత్రము లేదు. వెనుక బెంచీమీద కొన్ని వారములుగా దగ్గుచు, నానాటికి చొక్కా వదులగుచున్న కుర్రవానిని ముందుగా చూచువాడు వైద్యుడు కాదు, ఉపాధ్యాయుడు. పక్కన కూర్చున్న మిత్రునకు అతడు మందు మ్రింగినది లేనిది తెలియును. వానిని బెదరింపక, వేరుగా కూర్చుండబెట్టి అవమానింపక, వాని తండ్రిని పిలిచి ఆరోగ్యకేంద్రమునకు పంపుట వీరు చేయగల పని. అతడు నూట ఎనుబదియవ దినమున కడపటి మాత్ర మ్రింగువరకు విడువకుండుట అంతకంటె గొప్ప పని. చంద్రునకైనను కృష్ణపక్షము గడచినంత మాత్రమున పూర్ణత్వము రాలేదు. ఒక్కొక్క కళగా దినదినము కూడబెట్టుకొనియే అతడు పున్నమిని చేరుచున్నాడు.