వేట వనంలో జనం బాట!

లండన్ అనగానే బిగ్‌బెన్, టవర్ బ్రిడ్జి, మైనపు బొమ్మల మ్యూజియం గుర్తొస్తాయి. పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మానాన్నలూ వాటి ముందు ఫొటోలు దిగి వచ్చేస్తుంటారు. అదే నగరానికి నైరుతి అంచున మరో లోకం ఉంది. అక్కడ హారన్ల మోత ఉండదు. వందల ఏళ్ల వయసున్న ఓక్ చెట్లు, వాటి నీడన మేసే జింకల మందలు... అదే రిచ్‌మండ్ పార్కు. విస్తీర్ణం 955 హెక్టార్లు. అంటే దాదాపు 2,360 ఎకరాలు!

గోడ కట్టిన రాజు

1625లో లండన్‌లో ప్లేగు ప్రబలితే మొదటి చార్లెస్ రాజు తన పరివారంతో రిచ్‌మండ్ కోటకు వచ్చేశాడు. ఊరికే కూర్చుంటే పొద్దుపోవాలి కదా... వేటకోసం చుట్టుపక్కల నేలపై కన్నేశాడు. అందులో రైతుల పొలాలూ ఊరుమ్మడి బీళ్లూ ఉన్నాయి. జనం గగ్గోలు పెట్టినా వినకుండా 1637లో చుట్టూ ఎనిమిది మైళ్ల గోడ కట్టించి, లోపల జింకల్ని వదిలాడు. అయితే ఒక్క మెలిక... పాత కాలిబాటల్లో జనం నడవొచ్చు, పేదలు వంటచెరకు ఏరుకోవచ్చు అని ఒప్పుకున్నాడు.

నిచ్చెన చాలు!

ఆ హక్కుకి 1751లో గండం వచ్చింది. పార్కు అధికారిణిగా వచ్చిన రెండో జార్జి కూతురు అమీలియా, తనవాళ్లకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదంది. మన ఊళ్లో తాతల నాటి డొంకదారికి ఎవరో కంచె వేస్తే ఎలా ఉంటుందో, అక్కడివాళ్లకూ అలాగే అనిపించింది. జాన్ లూయిస్ అనే బీరు తయారీదారు దీన్ని చూస్తూ ఊరుకోలేదు. గేటు దగ్గర తనని అడ్డుకున్న కాపలామనిషిపై కోర్టుకెక్కాడు. అవతల ఉన్నది రాజుగారి కూతురు. అయినా 1758లో తీర్పు అతనివైపే వచ్చింది.

'గేటు కావాలా, గోడెక్కి దిగడానికి నిచ్చెన కావాలా?' అనడిగారు న్యాయమూర్తి. లూయిస్ నిచ్చెనే కోరుకున్నాడు. ఎందుకంటే, జింకలు బయటికి పోకుండా గేటు ఎప్పుడూ మూసే ఉంచాలి. మూసిన గేటుని చూసిన కొత్తవాళ్లు అది తమకు కాదనుకుంటారు. కొన్నాళ్లకు దానికి గడియా పడుతుంది. నిచ్చెనకు గడియ ఉండదుగా! తీరా చూస్తే మెట్లు ముసలివాళ్లు ఎక్కలేనంత ఎడంగా పెట్టారు. లూయిస్ మళ్లీ ఫిర్యాదు చేసి వాటిని దగ్గర చేయించాడు. తరవాత వ్యాపారం దెబ్బతిని అతడు చితికిపోతే, ఊరివాళ్లే చందాలేసి ఆదుకున్నారు.

చూడాల్సినవెన్నో...

ఇప్పుడక్కడ స్వేచ్ఛగా తిరిగే జింకలు ఆరువందలకు పైనే. 2000లో దీన్ని జాతీయ ప్రకృతి రిజర్వుగా ప్రకటించారు. ఏప్రిల్, మే నెలల్లో ఇసబెల్లా తోట అజేలియా పూలతో రంగులమయమవుతుంది. కింగ్ హెన్రీ దిబ్బ ఎక్కి టెలిస్కోపులోంచి చూస్తే, చెట్ల మధ్య సందులోంచి పదిమైళ్ల అవతలి సెయింట్ పాల్స్ చర్చి గోపురం కనిపిస్తుంది. అది మరుగున పడకుండా భవన నిర్మాణాలపై నిబంధనలు కూడా ఉన్నాయి! తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ తల్లిదండ్రుల్ని కోల్పోయాక పెరిగింది ఇక్కడి పెంబ్రోక్ లాడ్జిలోనే. అందులో ఇప్పుడు టీ తాగొచ్చు.

వెళ్లేముందు...

డిస్ట్రిక్ట్ లైన్ రైల్లో రిచ్‌మండ్ స్టేషన్‌లో దిగితే అక్కణ్నుంచి బస్సులుంటాయి. జింకలకు కనీసం 50 మీటర్ల దూరంలో ఉండాలి. వాటికి తిండి పెట్టకూడదు. అక్టోబరు ప్రాంతంలో జతకట్టే కాలం కాబట్టి మగవి కొమ్ములతో కుమ్ముకుంటుంటాయి, మరింత జాగ్రత్త అవసరం. ఇక, నడిచి వెళ్లేవాళ్లకి టికెట్టు లేదు. ఆ బాటకి వెల ఎప్పుడో లూయిస్ కట్టేశాడు!