స్పీడ్ గన్, కెమెరా, కారులో డిటెక్టర్

రోడ్డు పక్కన పోలీసు చేతిలో కనిపించే స్పీడ్ గన్ రాడార్‌ది కావచ్చు, లేజర్‌ది కావచ్చు. రాడార్ గన్ వాహనం మీదికి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చిన తరంగాల పౌనఃపున్యం ఎంత మారిందో చూస్తుంది. క్రిస్టియన్ డాప్లర్ 1842లో వివరించిన సూత్రమిది. గోదావరి స్టేషన్‌లో ఆగకుండా పోయే రైలు కూత, ఇంజను మనల్ని దాటగానే కిందిస్థాయికి దిగేదీ ఇందువల్లే. 24.15 గిగాహెర్ట్జ్ గన్‌కు ఎదురుగా గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కారు వస్తే సుమారు 4,470 హెర్ట్జ్ తేడా వస్తుంది. గన్‌ను పక్కనుంచి కోణంలో గురిపెడితే కొలత తగ్గుతుందే తప్ప పెరగదు. 20 డిగ్రీల కోణంలో 100 కాస్తా 94 అవుతుంది, ఆ లాభం డ్రైవరుదే.

రాడార్‌తో అసలు చిక్కు పుంజం వెడల్పు. 12 డిగ్రీల పుంజం 300 మీటర్లు పోయేసరికి 60 మీటర్లకు పైగా విచ్చుకుంటుంది. రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం, తణుకు మీదుగా సాగే 216ఎ జాతీయ రహదారిపై కడియం నర్సరీల మొక్కల లారీలు, పొలం దారుల్లోంచి రోడ్డెక్కే ధాన్యం ట్రాక్టర్లు, దూరప్రయాణపు కార్లు కలిసే నడుస్తాయి. ఆ గుంపులో కొలత ఏ బండిదో తేల్చడం కష్టం.

ఆ లోటును లేజర్ గన్ తీర్చింది. 300 మీటర్ల దగ్గర దాని పుంజం మీటరు వెడల్పే కాబట్టి గుంపులో ఒక్క బండినే ఎంచుకోగలదు. అది కంటికి కనిపించని పరారుణ కాంతిని తునకలు తునకలుగా పంపుతుంది. అంత దూరం వెళ్లి రావడానికి ఒక్కో తునకకు 2 మైక్రోసెకన్లు పడుతుంది. అర సెకనులోపే ఎన్నో కొలతలు తీసి, దూరం ఎంత త్వరగా తగ్గుతోందో లెక్కగడుతుంది. చేయి వణికి కాంతి బానెట్ మీద నుంచి అద్దం మీదికి జారితే లెక్క తప్పవచ్చు. అందుకే పొంతన లేని కొలతలను గన్ తనే కొట్టేస్తుంది.

స్తంభానికి బిగించిన కెమెరా దగ్గర బ్రేకు వేసి, దాటాక మళ్లీ యాక్సిలరేటర్ తొక్కేవాళ్లు ఎక్కువ. సగటు వేగం కొలిచే పద్ధతి వాళ్ల కోసమే. 15 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు కెమెరాలను కారు 9 నిమిషాల్లో దాటితే సగటు 100. ఇక్కడ తరంగాలతో పనిలేదు, రెండు గడియారాలూ ఒకే సమయం చూపిస్తే చాలు.

నంబర్ ప్లేటు చదవడం మరో పని. పాత తూర్పు గోదావరి ఏపీ 05 అయినా, పశ్చిమ గోదావరి ఏపీ 37 అయినా, 2019 నుంచి రాష్ట్రమంతటికీ వచ్చిన ఏపీ 39 అయినా కంప్యూటర్ అక్షరాలను గుర్తించి, రిజిస్ట్రేషన్ వివరాల్లోని యజమానికి ఈ-చలానా పంపుతుంది. బండి అమ్మేసి పేరు మార్పించని పాత యజమానికి చలానా చేరేది ఇలాగే.

మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ 136ఎ సెక్షన్‌ను చేర్చింది. దాని కింద 2021 ఆగస్టులో వచ్చిన నిబంధనలు వాహనదారు తప్పక తెలుసుకోవలసినవి. పరికరానికి ఏటా ధ్రువీకరణ ఉండాలి, కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి, నోటీసు 15 రోజుల్లో పంపాలి, అందులో ప్లేటు కనిపించే ఫొటో, కొలిచిన వేగం, తేదీ, సమయం, చోటు ఉండాలి. వీటిని అమలు చేయాల్సిన 132 నగరాల జాబితాలో రాజమహేంద్రవరం, ఏలూరు కూడా ఉన్నాయి. తూనికలు కొలతల చట్టం ప్రకారం రాడార్ పరికరాలకు తనిఖీ, ముద్ర కావాలన్న నియమం 2025 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. కూరగాయల కాటాకు ముద్ర అడిగే దేశంలో ఇది ఇంకా ముందే రావలసింది.

కారులో పెట్టుకునే రాడార్ డిటెక్టర్ ఒక రేడియో రిసీవరు. గన్ తరంగం కారుదాకా వచ్చి, వెనక్కి చెదిరి, బలహీనపడి గన్‌ను చేరాలి. డిటెక్టరుకు మాత్రం నేరుగా అందుతుంది కాబట్టి అది ముందే పసిగడుతుంది. అయితే బండి దగ్గరపడ్డాకే గన్ ఆన్ చేస్తే ఆ ముందుచూపు పనికిరాదు. దుకాణాల ఆటోమేటిక్ తలుపులు, ఇతర కార్ల సెన్సర్లు అదే పౌనఃపున్యం వాడితే ఉత్తుత్తినే కూస్తుంది. లేజర్‌ను పసిగట్టే సెన్సరు కూడా ఉన్నా, అది మోగే సరికి కొలత దాదాపు పూర్తయిపోతుంది. పైగా డిటెక్టరులోంచి లీకయ్యే సంకేతాన్ని పట్టే పరికరాలూ కొన్నిచోట్ల పోలీసుల దగ్గర ఉంటాయి. తెలుగువాళ్లు చాలామంది స్థిరపడ్డ అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో డిటెక్టర్ల వాడకం నిషిద్ధం. తరంగాలను చెడగొట్టే జామర్లను భారత్‌లో కేంద్రం అనుమతి లేకుండా వాడటం నేరం.

కంపెనీయే కారులో బిగించి ఇచ్చే హెచ్చరిక వేరు. 2019 జులై 1 నుంచి తయారైన కార్లు 80 దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆగకుండా బీప్ చేస్తాయి. రోడ్డు మీది పరిమితితో ఆ బీప్‌కు సంబంధం లేదు. ఊరి మధ్య 40 అని బోర్డు ఉన్నచోట 70లో పోతున్నా అది నోరు మెదపదు. కొన్ని కొత్త కార్లలో ముందున్న కెమెరా బోర్డు చదివి పరిమితి చెబుతుంది. చెట్ల కొమ్మలు కమ్మేసిన బోర్డును మాత్రం అదీ చదవలేదు.