సంస్థ పేరు సరే... గైడ్ పేపర్ చదివారా?

జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో డిగ్రీ చేసి, ఇప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉన్నారా? ఇంట్లో ‘ఫార్మా కంపెనీలో చేరిపో’ అంటున్నారు, మీ మనసేమో పీహెచ్‌డీ మీదుంది. అయితే ఇది మీకోసమే.

ముందు డబ్బు సంగతి. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా రూ.42,000 వస్తాయి. ఇంటికి భారం కాకుండానే చదువుకోవచ్చు.

ఎక్కడ చేరాలి? దగ్గర్లోనే కాకతీయ యూనివర్సిటీ, వరంగల్ నిట్ ఉన్నాయి. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ, తార్నాకలో ఐఐసీటీ ఉన్నాయి. ఐఐసీటీ లాంటి సీఎస్‌ఐఆర్ ల్యాబుల్లో ఏసీఎస్‌ఐఆర్ ద్వారా పీహెచ్‌డీలో చేరొచ్చు. జనవరి, ఆగస్టు సెషన్లకు దరఖాస్తులు పిలుస్తారు.

చాలామంది సంస్థ పేరు చూసి ఆగిపోతారు. కానీ మీరు ఐదేళ్లు గడపాల్సింది గైడ్‌తో, ఆయన ఎంచుకున్న సమస్యతో. అందుకే ముందు ఆయన పరిశోధన ఏంటో తెలుసుకోండి.

ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. శ్రీవారి చంద్రశేఖర్ ఉస్మానియాలో చదివి, ఐఐసీటీలో ఎ.వి.రామారావు దగ్గర పీహెచ్‌డీ చేశారు. తర్వాత అదే సంస్థకు డైరెక్టర్ అయ్యారు. 2002లో ఆయన బృందం ఒక పేపర్ ప్రచురించింది. మీ సిలబస్‌లో ఉండే హెక్ రియాక్షన్‌ను పాలీఇథిలీన్ గ్లైకాల్‌లో చేసి, ఆ సాల్వెంట్‌ను మళ్లీ వాడొచ్చని అందులో చూపించారు. వాడి పారబోసే సాల్వెంట్ ఫార్మా కంపెనీలకు ఎంత తలనొప్పో తెలిస్తే, దీని విలువ అర్థమవుతుంది.

ఇలాంటి పేపర్ చదివేటప్పుడు మూడు ప్రశ్నలు రాసుకోండి. ఏ సమస్యను పరిష్కరించారు? ఏ పద్ధతి వాడారు? ఇంకా ఏం మిగిలింది? మూడోదానికి మీరు సొంతంగా రాసుకున్న జవాబే ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెడుతుంది.

నేను ఇంజినీరింగ్ చదివినవాణ్ని. ఒకప్పుడు రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ కోసం ఒకే మెయిల్‌ను ఇరవై మంది ప్రొఫెసర్లకు పంపా. ఒక్కరూ జవాబివ్వలేదు. ఇవ్వరు కూడా! వాళ్ల పని గురించి అందులో ఒక్క ముక్క లేదు మరి. మీరు ఆ తప్పు చేయొద్దు. ఐదుగురినే ఎంచుకోండి. ఒక్కొక్కరివి రెండేసి తాజా పేపర్లు చదవండి. పది వాక్యాలు దాటకుండా మెయిల్ రాయండి. మీరు చేసిన ప్రాజెక్టు, నెట్ లేదా గేట్ స్కోరు, వాళ్ల పేపర్‌పై మీకొచ్చిన ఒక ప్రశ్న... ఇవి చాలు. ఆ ల్యాబ్ స్కాలర్లతోనూ మాట్లాడండి. థీసిస్‌కు ఎన్నేళ్లు పడుతోందో, గైడ్ సమయం ఇస్తారో లేదో వాళ్లే చెబుతారు.

అన్నీ చూశాక ఉద్యోగమే మేలనిపిస్తే నిశ్చింతగా చేరండి. పీహెచ్‌డీయే అనిపిస్తే మాత్రం ఈ ఆదివారమే మొదటి పేపర్ తెరవండి.