పటములకు తుదిమెఱుగు

కోనసీమలో పెంకుటింటి చావడి గోడను చూచినచో ఆ యింటి మూడు తరములవారు పటములయందు కనబడుదురు. ఆ పటములకు మన చెమ్మగాలియే శత్రువు. ఫోటోకాగితముపై నుండు పూత జెలటిన్ అను జిగురు పదార్థము; అది జంతువుల ఎముకలనుండియు తోళ్లనుండియు తీయబడును. వానకాలమున అది చెమ్మను పీల్చి ఉబ్బును, బూజు పట్టును, తుదకు అద్దమునకు అంటుకొనిపోవును. 1986 ఆగస్టు గోదావరి వరదలోను, 1996 నవంబరు 6వ తేదీ తుపానులోను తడిసి, సగము చెరిగిన పటములను నేను అమలాపురము, రాజోలు ప్రాంతముల ఇండ్లలో చూచియున్నాను. వానిని బాగుచేయింపగోరి పెద్దలు స్టూడియోలకు పోవుచున్నారు. అచ్చట కంప్యూటరు ఏమి చేయునో, దానిని ఎచ్చట ఆపవలయునో ముందుగా తెలిసికొనిపోవుట మంచిది.

ఫోటోను దిద్దుట క్రొత్త విద్య కాదు. సికిందరాబాదున స్టూడియో నడపిన రాజా దీనదయాళు (1844–1905) గాజుపలకలపై చిత్రములు తీసిన కాలమున పెద్ద స్టూడియోలయందు దిద్దుపని ప్రత్యేకమైన వృత్తి. ఏటవాలు బల్లపై గాజుపలకను నిలిపి, క్రిందినుండి అద్దముచేత వెలుతురు పడునట్లు చేసి, సన్నగా చెక్కిన గట్టి పెన్సిలుతో పలకపై చిన్న చిన్న గీతలు గీచెడివారు. పలకపై వెలుగునీడలు తారుమారై యుండును గదా. ముఖముపై నల్లగా కనబడు ముడుత పలకపై తేటగా నుండును. ఆ తేటదనమును పెన్సిలు కప్పినచో, అచ్చు తీసినప్పుడు ముడుత మాసిపోవును. ఒక్క ముఖమునకు గంటలు పట్టెడిది. పని అంత నెమ్మదిగా సాగుటచేత, దిద్దువాడు ప్రతి గీతకును ఆలోచించుటకు వ్యవధి యుండెడిది.

1990వ సంవత్సరమున అమెరికాలో థామస్ నోల్, జాన్ నోల్ అను సోదరులు రూపొందించిన ఫోటోషాప్ వెలువడెను. నేడు స్టూడియోలయందు ఎక్కువగా వాడబడునది ఇదియే. దీనికి తగిలించు చిన్న పరికరములకు ప్లగిన్లని పేరు. ట్రాక్టరు వెనుక నాగలి తగిలించిన దున్నును, ట్రక్కు తగిలించిన బస్తాలు మోయును, ఇంజను ఒక్కటే. అట్లే ఒక ప్లగిన్ మచ్చలు తీయును, ఒకటి రంగులు సరిచేయును, మఱియొకటి చర్మమును నునుపు చేయును. కొన్ని వెల పెట్టి కొనవలసినవి. ఫ్రాన్సు దేశమున కాన్ నగరములోని పరిశోధకులు 2008 నుండి పెంచుచు వచ్చిన జీమిక్ వంటివి ఉచితముగనే దొరకును.

ఇవి పనిచేయు తీరు కష్టమైనది కాదు. కంప్యూటరుకు ఫోటో యనగా లక్షలాది చుక్కలు. ప్రతి చుక్కకు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము ఎంతెంత యున్నదో సాధారణముగా 0 నుండి 255 వఱకు అంకెలుండును. ఒక చుక్క చుట్టునున్న చుక్కలకంటె మిక్కిలి నల్లగా నున్నచో ప్లగిన్ దానిని దుమ్మని యెంచి, ఇరుగుపొరుగు చుక్కల రంగును దానికి పూయును. చర్మమును నునుపుచేయు పోర్ట్రేచర్ అను ప్లగిన్ చర్మపు రంగుగల భాగమును ఏఱుకొని అచ్చటి ఎగుడుదిగుళ్లను సరిపుచ్చును. కనుఱెప్పలు, జుట్టు మాత్రము వదలిపెట్టును. పెండ్లి ఆల్బములలో పెండ్లికూతురి చెంపలు పింగాణివలె మెఱయుటకు ఇట్టి పనియే కారణము. మోతాదును సగమునకు తగ్గింపుమని అడిగిన తగ్గింపవచ్చును; అడుగువారే తక్కువ. చామనచాయ పిల్లను తెల్లని పిల్లగా మార్చుటను నేను మెఱుగనను.

పెండ్లి ఫోటో చెడినను మనిషి ఎదుటనే యున్నది. గతించినవారి పటముల సంగతి వేఱు. యంత్రమునకు పుట్టుమచ్చయు దుమ్ముచుక్కయు ఒక్కటే. తాతగారి ఎడమ చెక్కిలిమీది మచ్చ ఆయనదే గాని కాగితముది కాదని ఎవరు చెప్పవలయును? మన దేశమున మశూచి 1975తో ఆగిపోయినది. అంతకు ముందు తరములలో ఆ గుంటలుగల ముఖములు ఎన్నియో. నునుపుచేయు ప్లగిన్ ఆ గుంటలను ఒక్క క్షణమున పూడ్చును. మనుమలకు ముచ్చటగా నుండవచ్చును గాని, అది వారి తాత ముఖము కాదు.

ఇటీవల వచ్చిన కృత్రిమ మేధ ప్లగిన్లు ఇంకను ముందుకు పోయినవి. పదిమంది కూర్చున్న ఫోటోలో ఒక్కొక్క కన్ను ఎనిమిది చుక్కల వెడల్పే యున్నదనుకొనుడు. ఆ ఎనిమిది చుక్కలలో లేని ఱెప్పలను, పాపను ఏ యంత్రమును వెలికి తీయజాలదు. ఇతరుల ముఖములు లెక్కకు మిక్కిలిగా చూచి నేర్చిన ప్లగిన్, ఇట్టిచోట కన్ను ఇట్లుండవచ్చునని ఊహించి క్రొత్తకన్ను వ్రాయును. చిత్రము తేటగా వచ్చును. చూపు మాత్రము పరాయివానిది. ఆ మనిషిని ఎఱిగినవారు బ్రతికియుండగా అది తప్పని చెప్పగలరు. వారును పోయినపిమ్మట ఆ కన్నే నిజమగును.

కావున పటమును పిల్లవానిచేతికిచ్చి పంపక, ఆ ముఖము నెఱిగిన పెద్ద ఒకరు తామే పోయి దిద్దువాని ప్రక్కన కూర్చుండుట మేలు. అద్దమునకు అంటుకొనిన ఫోటోను బలవంతముగా ఊడదీయరాదు. పూత అద్దముతో లేచిపోవును. అద్దముతోనే స్కాను చేయింపవలెను. చిన్న ఫోటోలకు అంగుళమునకు 600 చుక్కలకు తక్కువ కాకుండ స్కాను చేయుమని అడుగుడు. ఆ స్కానును ముట్టక భద్రపఱచి, దాని నకలుపైననే దిద్దింపవలెను. ఆకాశము, గోడ, పంచె, కుర్చీ ఇవి ఎంత పూడ్చినను బాధలేదు. ముఖమున చీలికలు, బూజుమచ్చలు మాత్రమే తీయించి, కండ్లు, ముక్కు, పెదవులు చెరిగిపోయిన చోట చెరిగినట్లే యుంచుడని నా మనవి. దీనికి స్టూడియోవారు నవ్వవచ్చును.

గల్ఫు దేశములకు పోవు పిల్లలు మన సీమలో అనేకులు. పాస్‌పోర్టు ఫోటోకు ఈ మెఱుగులేవియు పనికిరావు. కంప్యూటరుతో మార్చిన ఫోటో చెల్లదని నిబంధన గలదు.

పని ముగిసిన పిమ్మట క్రొత్త పటము వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, తెలిసినచో ఫోటో తీసిన సంవత్సరము, దిద్దిన సంవత్సరము, ఏయే భాగములు పూడ్చబడినవో వ్రాయుడు. బాల్‌పెన్ను వద్దు, దాని ఒత్తిడి గీతలు ముందువైపునకు తేలును. పాత పటమును పారవేయక, గుడ్డలో చుట్టి, నేలకు ఎత్తుగా, చెమ్మ తగులని బీరువాలో నుంచుడు.