ధాత కరువులో నిలిచిన విశ్వాసం

కష్టకాలంలో విశ్వాసం నిలుపుకోవడమంటే మనసులోకి సందేహాన్ని రానివ్వకపోవడమేనని చాలామంది క్రైస్తవులు అనుకుంటారు. సందేహం కలిగితే పాపం చేసినట్టు కుమిలిపోతారు. కానీ బైబిలులోని కీర్తనల్లో ఎన్నో దేవుడు ముఖం దాచుకున్నాడని మొరపెట్టేవే. 88వ కీర్తనైతే చీకట్లోనే ముగుస్తుంది. విశ్వాసం నిలిచేది మనోనిబ్బరం మీద కాదనీ, నలుగురితో కలిసి బతికే తీరులోననీ నా అభిప్రాయం. దానికి ఒంగోలు ప్రాంత చరిత్రే సాక్ష్యం.

అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి ఫలితం కనిపించక, 1853లో ఈ మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ కూడా జరిగింది. 1866లో బాప్తిస్మం పొందిన మాదిగ పెద్ద యెర్రగుంట్ల పేరయ్య పల్లెపల్లెకూ తిరిగి సువార్త చెప్పడంతో పరిస్థితి మారింది. కొత్తగా చేరినవారికి నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. వినడానికి చిన్నవే. కానీ విగ్రహాలను కొలవకూడదు కాబట్టి జాతరలో డప్పు కొట్టనన్న మాదిగ మీద ఊరంతా కక్ష కట్టేది. అంటే కరువుకు ముందే ఆ విశ్వాసానికి వాళ్లు మూల్యం చెల్లించారు.

1876లో ధాత కరువు వచ్చింది. లక్షల మంది ఆకలికీ, రోగాలకీ బలయ్యారు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని ఒప్పుకొని, వేలమందికి కూలి ఇప్పించాడు. మిషన్‌లోని తెలుగు ఉపదేశులే మేస్త్రీలయ్యారు. కూలీలు అలసి కూర్చున్నప్పుడు వాళ్ల పక్కనే కూర్చుని మాట్లాడారు, ప్రార్థించారు.

ఇక్కడే ఒక ఆక్షేపణ వస్తుంది: అన్నం కోసమే మతంలో చేరారని. ఆ అనుమానం క్లౌకే ముందు వచ్చింది. అందుకే కరువు నడుస్తుండగా ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం అందే రోజుల్లో తలుపు మూసి ఉంచి, 1878 నడిమిలో తెరిచాడు. ఆ జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువు సాయం వాళ్ల మనసును కదిలించలేదని నేను అనను. తప్పక కదిలించే ఉంటుంది. అయితే కృతజ్ఞత వేరు, విశ్వాసం వేరు అని గీత గీయడం న్యాయమా? తనను మనిషిగా చూసినవారి దేవుణ్ని నమ్మడం అబద్ధపు నమ్మకం ఎలా అవుతుంది? కేవలం గింజల కోసం వచ్చినవాళ్లయితే అన్ని నెలలు ఎదురుచూడవలసిన పని లేదు.

ఆ రోజు నదిలో బాప్తిస్మమిచ్చింది క్లౌ దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలోకి దిగి, అలసినప్పుడు మరో ఇద్దరికి చోటిస్తూ, సాయంత్రం దాకా ఆ పని చేశారు.